కరవది సన్నాయి, పక్కన డోలు

విజయవాడ నుంచి చెన్నై వెళ్లే రైలు ఒంగోలు చేరేముందు కరవది దాటుతుంది. పశుపోషకులకు ఈ పేరు బాగా తెలుసు. 1960లలో బ్రెజిల్ వెళ్లిన ఒంగోలు ఆబోతు ఒకటి అక్కడ ఈ ఊరి పేరుతోనే వంశం నిలబెట్టింది. సంగీతం వినేవాళ్లకు మాత్రం కరవది అంటే సన్నాయి విద్వాంసుడు షేక్ చినమౌలానా.

ఆయన 1924లో ఇక్కడ పుట్టారు. తండ్రి కాసిం సాహెబ్ దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. పత్తి, మిరప పండే ఈ నల్లరేగడి ఊళ్లలో పెళ్లిపందిట్లోనూ గుడి ఉత్సవంలోనూ సన్నాయి ఊదే ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇక్కడ అదేమీ వింత కాదు. చినమౌలానా తంజావూరు బాణీ మీద మనసుపడి నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకన్నులకు శిష్యుడై, చివరకు శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకుని, మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆయన శిష్యులైన దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఈ పేర్లన్నీ సన్నాయివే. మరి డోలు?

కచేరీలో రాగాలాపన సాగుతున్నంతసేపూ మృదంగం మౌనంగా ఉంటుంది. సన్నాయి మేళంలో అలా కాదు. సన్నాయి ఒక సంగతి పలికి ఊపిరి తీసుకునే సందులో డోలు అందుకుంటుంది. ఒక మూత మీద పుల్ల, రెండో మూత మీద గట్టి తొడుగులు వేసుకున్న వేళ్లు. ఆ జవాబు విన్నాకే సన్నాయి తర్వాతి సంగతికి వెళుతుంది. దీన్ని పక్కవాద్యం అనడానికి నాకు మనసొప్పదు.

ఇలాంటి సంభాషణ జాజ్‌లోనూ ఉంది. 1957లో న్యూయార్క్‌లో డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ తన జాజ్ మెసెంజర్స్ బృందంలోకి పియానిస్టు థెలోనియస్ మంక్‌ను పిలిచి ఒక రికార్డు చేశాడు. ఆరు రచనల్లో ఐదు మంక్‌వే. మంక్ స్వరాల మధ్య వదిలిన ఖాళీలను బ్లేకీ డ్రమ్స్ పలికిస్తుంటే మన మేళమే గుర్తొస్తుంది. అట్ట మీద ముందున్నది మాత్రం డ్రమ్మర్ పేరు.

మన పెళ్లిళ్లలో తాళి కట్టే క్షణాన అందరూ గట్టిమేళం అని కేకేసేది డోలును తలచుకునే. ఆ డోలు విద్వాంసుడి పేరు మాత్రం పందిట్లో ఎవరూ అడగరు. కల్యాణోత్సవాల కరపత్రాలు అచ్చు వేయించే పెద్దలు ఈ ఏడాది నుంచైనా ఆ పేరును సన్నాయి విద్వాంసుడి పేరు పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయించాలి.