అంచు తెలుపైతే ఒక లెక్క, నడుమ తెలుపైతే ఒక లెక్క

1936లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక నర్సరీకి వెళ్లిన ఫ్రాన్సిస్ విలియమ్స్‌కు, నీలిపచ్చ ఆకుల హోస్టా అనే నీడ మొక్కల వరుసలో ఒకటి తేడాగా కనిపించింది. దాని ఆకులకు పసుపు అంచు. ఆవిడ దాన్ని కొని తెచ్చుకున్నారు, తర్వాత ఆ రకానికి ఆవిడ పేరే స్థిరపడింది. వసంతంలో ఆ అంచు ఎండకు మాడుతుందని విసుక్కుంటూనే తోటల వాళ్లు ఇప్పటికీ దాన్ని పెంచుతున్నారు.

హోస్టా పుట్టిల్లు జపాన్, కొరియా, చైనా. జపాన్‌లోని యమగాతలో దీని లేత చిగుళ్లను 'ఉరుయి' పేరుతో వండుకు తింటారు. మిగతా ప్రపంచానికి ఆకు అందమే ముఖ్యం.

ఒకే ఆకులో రెండు రంగులు ఎలా వస్తాయి? చిగురు కొనలో కణాలు పొరలుగా ఉంటాయి. ఒక పొర పత్రహరితం తయారుచేసే గుణం కోల్పోతే, దాని నుంచి పుట్టే భాగం తెల్లగానో పసుపుగానో వస్తుంది. రెండో పొర మారితే ఆకు అంచుకు రంగు, ఇంకా లోపలి పొర మారితే నడుమకు. విత్తనం వేస్తే ఈ అమరిక నిలవదు. అందుకే దుబ్బు విడదీసి నాటుతారు.

నీడ లెక్క కూడా ఇక్కడే ఉంది. తెల్లని భాగం పచ్చ భాగం సంపాదన మీద బతుకుతుంది. అంచు మాత్రమే తెల్లగా ఉండే 'పేట్రియాట్' రకం బలంగా దుబ్బు కడుతుంది. నడుమంతా లేత రంగు పరుచుకున్న 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' ఏళ్ల తరబడి ఎదగక ఏడిపిస్తుంది. అలాంటిదాన్ని దట్టమైన నీడలో పెడితే మరీ నీరసిస్తుంది. ఉదయపు లేత ఎండ తగిలి, మధ్యాహ్నపు ఎండ తగలని చోటు దానికి నయం. దుబ్బులో పూర్తి పచ్చ పిలక కనిపిస్తే మొహమాటపడకుండా వేళ్లతో సహా తీసేయాలి. వదిలేస్తే అదే వేగంగా పెరిగి రెండు రంగుల పిలకలను అణిచేస్తుంది.

నీళ్లు తగ్గకూడదు, నత్తలను కనిపెట్టుకోవాలి. న్యూజెర్సీలో పెరడున్న తెలుగువాళ్లకైతే జింకల సంగతి చెప్పక్కర్లేదు, కాడలు తప్ప మిగల్చవు. హైదరాబాద్, విజయవాడల్లో మాత్రం హోస్టా మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. చలికాలంలో కొన్ని వారాలు గట్టి చలి తగిలితేనే అది మళ్లీ బాగా చిగురిస్తుంది. ఇక్కడి నీడకు కాలాడియం, అగ్లోనిమా చాలు.

ప్రతి మచ్చా ముచ్చట కాదు. 'బ్రేక్‌డాన్స్', 'లెపర్డ్ ఫ్రాగ్' వంటి వాటి మచ్చలు చూసి కొత్త రకాలనుకుని పేర్లు పెట్టారు. తీరా అవి హోస్టా వైరస్ ఎక్స్ సోకిన మొక్కలు! ఈనెల వెంట సిరా ఒలికినట్టు రంగు పాకడం దీని గుర్తు. కోసిన కత్తికి అంటిన రసంతోనే పక్క మొక్కకు సోకుతుంది, మందు లేదు. కాబట్టి అనుమానమున్న మొక్కను వేళ్లతో సహా పీకి పారేయాలి, ఒక దుబ్బు కోసిన కత్తిని శుభ్రంగా కడిగాకే మరో దుబ్బు దగ్గరికి తీసుకెళ్లాలి.