ప్రింటరు పక్క గదిలోనే... కాగితం మాత్రం రాదు!

తెనాలి: ముందు గదిలో పాత కంప్యూటరు, దాని పక్కన లేజరు ప్రింటరు. లోపలి గదిలో కాలేజీకి వెళ్లే అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్. హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చిన అబ్బాయి దగ్గర ఆపిల్ వారి మ్యాక్. ఇక ఫోను లేని చెయ్యి లేదు. దస్తావేజు లేఖరుల ఇళ్లు, ట్యూషన్ మాస్టార్ల ఇళ్లు, చిన్న వ్యాపారుల ఇళ్లు ఇప్పుడు చాలావరకు ఇలాగే ఉంటున్నాయి. నిన్నటిదాకా లోపలి గదిలో నొక్కితే ముందు గదిలో కాగితం వచ్చేది. ఇవాళ రావడం లేదు. తెల్లారితే రిజిస్ట్రేషను. పార్టీలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

ఇలాంటప్పుడు సాధారణంగా రెండే జరుగుతున్నాయి. ఒకటి, ప్రింటరు పోయిందనుకుని కొత్తది కొనడం. రెండోది, తెలిసిన కుర్రవాణ్ణి పిలిస్తే అతను పాస్‌వర్డు తీసేసి, ఫైర్‌వాల్ ఆపేసి, ఏదో పాత సౌకర్యం మళ్లీ తెరిచి పని కానిచ్చి వెళ్లిపోవడం. మొదటిది డబ్బు దండగ. రెండోది అంతకన్నా ప్రమాదం. ఎందుకంటే ఆ కంప్యూటర్లో ఉన్నవి ఆ ఇంటివాళ్ల కాగితాలు మాత్రమే కాదు. తమను నమ్మి వచ్చిన వాళ్ల ఆధార్ నకళ్లు, పాన్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాల పేజీలు, దస్తావేజుల చిత్తు ప్రతులు అన్నీ అందులోనే ఉంటాయి.

నిజానికి ఈ ఇబ్బందుల్లో చాలావాటికి ఏ వస్తువూ చెడిపోయి ఉండదు. దారి తప్పడమో, గుమ్మం మూతపడడమో, తాళంచెవి సరిపోకపోవడమో కారణం. ఆ మూడింటినీ వరసగా చూసుకుంటే ఇంట్లోవాళ్లే సరిచేసుకోవచ్చు.

అందరూ ఒకే వీధిలో ఉన్నారా?

ప్రతి కంప్యూటరుకూ, ఫోనుకూ, వైఫై ప్రింటరుకూ రూటరు ఒక నంబరు ఇస్తుంది. ఇంటి నంబరు లాంటిదన్నమాట. 192.168.1.5 అన్న తీరులో నాలుగు భాగాలుంటాయి. ఇళ్లలో మామూలుగా మొదటి మూడు భాగాలూ అందరికీ ఒకటే ఉండాలి. చివరిది మాత్రం ఎవరిది వారికి. విండోస్ కంప్యూటర్లో స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొడితే నల్ల కిటికీ వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని టైపు చేస్తే ఆ నంబరు కనిపిస్తుంది.

చాలా ఇళ్లలో చిక్కు ఇక్కడే. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు పెట్టిన పెట్టె ఒకటి ముందు గదిలో ఉంటుంది. సిగ్నలు చాలడం లేదని పెరటి గదిలో మరో రూటరు పెట్టుకుంటారు. ఆ రెండో రూటరు తన కింద వేరే వీధి వేసుకుని కూర్చుంటుంది. ముందు గది కంప్యూటరు 192.168.1 వీధిలో, పెరటి గది ల్యాప్‌టాప్ 192.168.0 వీధిలో ఉంటాయి. ఇంటర్నెట్ ఇద్దరికీ వస్తుంది కనుక అంతా బాగుందనిపిస్తుంది. కానీ ఒకరికొకరు కనిపించరు. రెండో రూటరు సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ అనే పద్ధతికి మారిస్తే వీధులు రెండూ ఒకటవుతాయి.

నంబరు 169.254తో మొదలైతే రూటరు అసలు నంబరే ఇవ్వలేదని అర్థం. తీగ, వైఫై ఒకసారి తీసి మళ్లీ కలపాలి. చుట్టాల కోసం పెట్టిన గెస్ట్ వైఫైలో చేరిన ఫోనుకు కూడా ఇంటి ప్రింటరు మామూలుగా కనిపించదు. ఆ ఏర్పాటే అందుకు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ నడుస్తుంటే అదీ ఒకసారి ఆపి చూడాలి.

నంబరు మారితే ప్రింటరు మాయం

వైఫై ప్రింటరు ఎదురుగా దీపం వెలిగించుకుని ఉంటుంది. కంప్యూటరేమో ఆఫ్‌లైన్ అంటుంది. కరెంటు పోయి వచ్చాక రూటరు దానికి కొత్త నంబరు ఇచ్చి ఉండవచ్చు. కంప్యూటరు ఇంకా పాత నంబరు దగ్గరే తలుపు తడుతోంది. ప్రింటరు తెరమీదో, అది తీసి ఇచ్చే వివరాల కాగితం మీదో నంబరు చూసి, కంప్యూటర్లో ప్రింటరు ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ దగ్గర ఉన్నదానితో పోల్చాలి. తేడా ఉంటే కారణం దొరికినట్టే. మళ్లీ ఈ గొడవ రాకుండా రూటరు సెట్టింగుల్లో అడ్రస్ రిజర్వేషన్ చేయించుకుంటే ప్రింటరుకు ఎప్పుడూ అదే నంబరు వస్తుంది.

యూఎస్‌బీ తీగ ప్రింటరు సంగతి వేరు. మన ఊళ్లలో ఏ జిరాక్సు షాపులో చూసినా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900కు ఉన్నది యూఎస్‌బీ తీగ ఒక్కటే. దానికి సొంతంగా నంబరు ఉండదు. తీగ తగిలించిన కంప్యూటరు మేలుకుని ఉంటేనే మిగతా కంప్యూటర్లకు పని చేస్తుంది. పావుగంటకు నిద్రపోయేలా ఆ కంప్యూటరును పెట్టుకుంటే పావుగంట తర్వాత ప్రింటరు లేనట్టే. స్లీప్ సమయం మార్చుకోవాలి. విండోస్‌లో పంచిన ఇలాంటి ప్రింటరు ఫోన్లకు నేరుగా కనిపించదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఫైలును వాట్సాప్‌లోనో, మరో విధంగానో ఆ కంప్యూటరుకు పంపి తీసుకోవలసిందే.

గుమ్మం మూసి ఉందా?

రూటరు మార్చిన మర్నాడే షేరింగ్ పోయిందంటే ముందు చూడవలసింది ఇదే. కొత్త వైఫైలో చేరగానే ల్యాప్‌టాప్ దాన్ని బస్టాండు వైఫై లాగా, అంటే పబ్లిక్‌గా భావిస్తుంది. గుమ్మాలన్నీ మూసుకుంటుంది. అది మంచిదే. మన ఇల్లే కనుక సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ దగ్గరకు వెళ్లి ప్రైవేట్ అని మార్చి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయాలి. ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపనక్కరలేదు.

నెట్‌వర్క్ కిటికీలో కంప్యూటరు పేరు కనిపించకపోయినా కంగారు పడవద్దు. విండోస్, ఆర్ కలిపి నొక్కితే రన్ పెట్టె వస్తుంది. రెండు వెనక్కి వాలిన గీతలు కొట్టి, పక్కనే కంప్యూటరు పేరో నంబరో కొడితే చాలాసార్లు నేరుగా తెరుచుకుంటుంది. దారి బాగున్నా జాబితాలో పేరు రాకపోవడం మామూలే. హోమ్‌గ్రూప్ కోసం వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు. 2009లో విండోస్ 7తో వచ్చిన ఆ సౌకర్యాన్ని 2018లో విండోస్ 10 నుంచి తీసేశారు.

ఇక్కడ తెరమీద వచ్చే మాట చదవడం ముఖ్యం. కంప్యూటరు దొరకలేదు అంటే దారి దగ్గరో, గుమ్మం దగ్గరో వెతకాలి. యాక్సెస్ డినైడ్ అంటే గుమ్మం దాకా వచ్చారు, అనుమతి లేదు అని అర్థం. అప్పుడు వైఫైతో కుస్తీ పట్టి లాభం లేదు.

పిన్ వేరు, పాస్‌వర్డు వేరు

రోజూ ఉదయం నాలుగంకెల పిన్ కొట్టి కంప్యూటరు తెరిచేవాళ్లు పక్క గది నుంచి అడిగినప్పుడూ అదే కొడతారు. ఎన్నిసార్లు కొట్టినా తప్పే అంటుంది. పిన్ ఆ ఒక్క కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడే చెల్లుతుంది. నెట్‌వర్కులో అడిగేది అసలు పాస్‌వర్డు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచే కంప్యూటరైతే ఈమెయిలూ, దాని పాస్‌వర్డూ ఇవ్వాలి. అసలు పాస్‌వర్డే పెట్టుకోని ఖాతాతో నెట్‌వర్కులో లోపలికి రానివ్వదు.

తేలిక మార్గం ఒకటుంది. ఫైళ్లున్న కంప్యూటర్లో షేరింగ్ కోసమే ఒక చిన్న లోకల్ ఖాతా తెరిచి, దానికి గట్టి పాస్‌వర్డు పెట్టి, ఇంట్లోవాళ్లంతా మిగతా కంప్యూటర్ల నుంచి ఆ పేరుతోనే రావడం. పాస్‌వర్డు మార్చినప్పుడు అవతలి కంప్యూటర్లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి పాతది తుడిచేయాలి. లేకపోతే అది పాత తాళంచెవినే తిప్పుతూ ఉంటుంది.

పాస్‌వర్డు సరైనదైనా ఫోల్డరు తెరుచుకోకపోతే రెండు తాళాలు చూడాలి. ఫోల్డరు ప్రాపర్టీస్‌లో షేరింగ్ దగ్గర ఒకటి, సెక్యూరిటీ దగ్గర మరొకటి. ఒకచోట అనుమతి ఇచ్చి రెండోచోట ఇవ్వకపోతే బిగువుగా ఉన్నదే చెల్లుతుంది. విసుగొచ్చి ఎవ్రీవన్‌కు పూర్తి అధికారం ఇస్తే పనవుతుంది గానీ, ఏ అడ్డూ లేకుండా ఆ నకళ్లన్నీ బజారున పెట్టినట్టవుతుంది. డ్రైవు మొత్తం పంచవద్దు. ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక్క ఫోల్డరు చాలు.

మ్యాక్, లైనక్స్ వచ్చి కలిస్తే

ఈ ఫైళ్ల పంపకం ఎస్‌ఎంబీ అనే భాషలో జరుగుతుంది. 1980 దశకంలో ఐబీఎంలో పుట్టిన భాష ఇది. ఆపిల్ వారు 2013 నుంచి తమ కంప్యూటర్ల మధ్య కూడా దీనికే మొదటి స్థానం ఇచ్చారు. లైనక్స్‌కు ఈ భాష నేర్పింది సాంబా. 1992లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ దాన్ని మొదలుపెట్టారు.

మ్యాక్‌లో ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే సరిపోదు. అదే చోట ఆప్షన్స్ తెరిచి, విండోస్ ఫైల్ షేరింగ్ కింద మన ఖాతా పేరుకు టిక్కు పెట్టి పాస్‌వర్డు ఇవ్వాలి. చాలామంది ఈ ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోతారు. లైనక్స్‌లో చిక్కు మరొకటి. కంప్యూటరు తెరిచే పాస్‌వర్డు సాంబాకు తెలియదు. ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ అనే ఆదేశంతో దానికి విడిగా పెట్టాలి.

ప్రింటరు దగ్గర మ్యాక్‌కు, ఐఫోనుకు ఎయిర్‌ప్రింట్ ఉంది. 2010లో వచ్చిన ఈ పద్ధతి ఉన్న వైఫై ప్రింటరైతే డ్రైవరు అక్కరలేదు, పంచుకోవలసిన పనీ లేదు. ఎవరికి వారు నేరుగా పంపుకోవచ్చు. ఎప్పటికైనా కొత్త ప్రింటరు కొనక తప్పకపోతే ఈ మాట అడిగి కొనడం మంచిది.

ఇక 2021లో విండోస్ ప్రింటింగ్ వ్యవస్థలో పెద్ద కంత బయటపడింది. దాన్ని ప్రింట్‌నైట్‌మేర్ అన్నారు. ఆ ఏడాది వచ్చిన వరస నవీకరణల తర్వాత డ్రైవరు వేయడానికి అడ్మినిస్ట్రేటరు అనుమతి తప్పనిసరైంది. చివర 11బి అని ఉండే తప్పు సంఖ్య కూడా అప్పటి నుంచే చాలా ఇళ్లలో కనిపించింది. ఒక కంప్యూటరు నవీకరణలు వేసుకుని రెండోది వేసుకోకపోతే ఇది వస్తుంది. రక్షణను ఆపేసే చిట్కా చెప్పేవాళ్లున్నారు. అది వద్దు. రెండింటికీ నవీకరణలు వేసి, డ్రైవరు ముందే ఎక్కించి, ప్రింటరును మళ్లీ చేర్చుకోవాలి. పాత కంప్యూటరుకు నవీకరణలే రాకపోతే ప్రింటరు తీగను కొత్తదానికి మార్చడం మేలు.

పంపినవన్నీ వరసలో ఇరుక్కుని కదలకపోతే సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను ఆపి, సీ డ్రైవులో విండోస్, సిస్టం 32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డరు ఖాళీ చేసి, మళ్లీ స్పూలర్‌ను మొదలుపెట్టాలి.

పాత గేటు తెరవవద్దు

ఎస్‌ఎంబీలో మొదటి రకం ఇప్పుడు పనికిరానిది. ఎక్స్‌పీకి అది తప్ప రాదు. విస్టాతో రెండో రకం, 2012లో విండోస్ 8తో మూడోది వచ్చాయి. 2017 చివరి నుంచి కొత్తగా వేసే విండోస్ 10లో మొదటి రకాన్ని ముందుగానే మూసి ఇస్తున్నారు. ఎక్స్‌పీ కంప్యూటరు కలవడం లేదని దాన్ని మళ్లీ తెరవడమంటే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

2017 మే 12న మొదలైన వాన్నాక్రై ఉపద్రవం ఈ గేటు గుండానే పాకింది. సరిదిద్దే నవీకరణ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో వచ్చింది. వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. ఒక్క కంప్యూటర్లోకి వస్తే చాలు, ఎవరూ ఏమీ నొక్కకుండానే పక్కవాటిలోకి వెళ్లింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి 300 డాలర్లు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయని అప్పట్లో వార్తలు వచ్చాయి.

విండోస్ 7కు రెండో రకం భాష వచ్చు కనుక దాని కోసం పాత గేటు అక్కరలేదు. అయితే దానికి 2020 జనవరి 14తోను, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తోను మామూలు మద్దతు ముగిసింది. అలాంటి పాత కంప్యూటర్లో పదిమంది కాగితాలు ఉంచడం క్షేమం కాదు. ఫైళ్లను కొత్తదానిలోకి మార్చుకుని, వేరే హార్డ్‌డిస్కులో మరో ప్రతి తీసి, దాని తీగ ఊడదీసి బీరువాలో పెట్టుకోవాలి.

రూటరు పక్కన గోడమీద ఒక కాగితం అంటించుకుంటే సగం తంటాలు తప్పుతాయి. ప్రింటరు నంబరు, షేరింగ్ కంప్యూటరు పేరు, ఏ గదిలో ఏ రూటరు ఉన్నదీ దానిమీద రాయాలి. పాస్‌వర్డు మాత్రం రాయకూడదు. బయటివారిని పిలవక తప్పకపోతే పని అయ్యాక డబ్బులిచ్చే ముందు ఏది ఆపారు, ఏది తెరిచారు అని అడగాలి. వాళ్లు చెప్పింది కూడా తేదీ వేసి అదే కాగితం మీద రాసుకోవాలి.