చదవడం వేరు, అచ్చు వేయడం వేరు

మన పెద్దలు కూలికి ఓడలెక్కిన రోజుల్లో ఆ వలసల వ్యవహారం చూసిన ఆఫీసుల్లో లండన్‌లోని ఇండియా ఆఫీసు ఒకటి. గల్ఫ్ గురించి అదే ఆఫీసు దాచిన పత్రాలు ఇప్పుడు ఖతార్ డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. 2014 నుంచి వాటిని ఎవరైనా ఉచితంగా చదవవచ్చు.

మరి మీ పుస్తకంలో వేసుకోవచ్చా? ప్రతి పత్రం దగ్గరా వాడుక నియమం ఉంటుంది. అది చూడండి. ‘ఓపెన్ గవర్నమెంట్ లైసెన్సు’ అని ఉంటే, మూలం పేరు చెప్పి వేసుకోవచ్చు, ఆ పుస్తకం అమ్ముకోవచ్చు. ‘నాన్ కమర్షియల్’ అని ఉంటే, అమ్మే పుస్తకానికి విడిగా అనుమతి కావాలి.

మీ సొంత రాతకూ హక్కు ఉంది. ఖతార్‌లో 2002 నాటి చట్టం ప్రకారం అది రచయిత జీవితకాలం, ఆ తర్వాత 50 ఏళ్ళు ఉంటుంది. భారతదేశంలో అయితే 60 ఏళ్ళు.

కాబట్టి ప్రచురణకర్త ఇచ్చిన ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. అచ్చు, ఈ-బుక్, ఆడియో హక్కులు విడివిడిగా రాశారా? ఎన్నేళ్ళకు? ఏ దేశాలకు? ‘అన్ని హక్కులూ, ఎప్పటికీ’ అని రాసిచ్చేస్తే, మీ అవ్వ గురించి మీరు రాసిన కథను రేపు మీ పిల్లలు ఆడియోగా చేయాలన్నా ఇంకొకరిని అడగాలి.