భాగం 9 : రోబో వ్యవస్థల భద్రత, విద్యుత్తు పొదుపు – నిర్ధారణ పద్ధతులు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు
• పరీక్షకూ నిర్ధారణకూ గల తేడాను వివరించగలుగుతారు.
• భద్రతా ధర్మాన్ని, పురోగతి ధర్మాన్ని వేరుచేసి చెప్పగలుగుతారు.
• ఒక చిన్న రోబోకు అవసరమైన కనీస బ్యాటరీ మట్టాన్ని లెక్కకట్టగలుగుతారు.
• భద్రతను, విద్యుత్తు పొదుపును కలిపి ఎందుకు పరిశీలించాలో తెలుసుకుంటారు.

9.1 పరిచయం

జీతాల పట్టికలో ప్రోగ్రాం తప్పు చేస్తే మరుసటి రోజు సరిదిద్దవచ్చు. అదే ప్రోగ్రాం ఒక యంత్రాన్ని నడుపుతుంటే తప్పును వెనక్కి తీసుకోవడం సాధ్యం కాదు. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్సా యంత్రం ఇందుకు ఉదాహరణ. 1985 నుంచి 1987 వరకు అమెరికా, కెనడాలలో ఈ యంత్రం వల్ల ఆరుగురు రోగులు అవసరానికి మించిన మోతాదుకు గురయ్యారు. వారిలో కొందరు మరణించారు.

ఈ యంత్రంలోని తప్పులలో ఒకదాన్ని చూద్దాం. యంత్రం సరిగా అమరిందో లేదో పరిశీలించాలని గుర్తుచేసే ఒక చలరాశి ఉండేది. దాని విలువ సున్నా కాకపోతే పరిశీలన జరుగుతుంది. ప్రోగ్రాం తిరిగిన ప్రతిసారీ ఆ విలువకు ఒకటి కలిసేది. కానీ ఆ చలరాశికి ఒక బైటు స్థలమే ఉంది. ఒక బైటులో ఇమిడే గరిష్ఠ విలువ 255. అందువల్ల ప్రతి 256వ సారి విలువ సున్నాకు చేరి, పరిశీలన జరగకుండా పోయేది. సరిగ్గా ఆ క్షణంలోనే ఆపరేటరు మీట నొక్కితే ప్రమాదం జరుగుతుంది. అంతకు ముందరి నమూనాలలో ఇలాంటి సందర్భాన్ని అడ్డుకునే విడి భద్రతా పరికరాలు ఉండేవి. థెరాక్-25లో ఆ బాధ్యతను చాలావరకు ప్రోగ్రాంకే వదిలేశారు.

9.2 పరీక్ష – నిర్ధారణ

పరీక్ష అంటే వ్యవస్థను కొన్ని సందర్భాలలో నడిపి చూడటం. 255 సార్లు సరిగా పనిచేసిన యంత్రం 256వ సారి విఫలం కావచ్చు. కాబట్టి పరీక్షలో తప్పు కనబడితే తప్పు ఉందని తెలుస్తుంది. కనబడకపోతే తప్పు లేదని చెప్పలేం.

నిర్ధారణలో వ్యవస్థకు ఒక గణిత నమూనా తయారుచేస్తాం. ఆ నమూనాలో సాధ్యమయ్యే అన్ని స్థితులకూ మనం కోరిన ధర్మం వర్తిస్తుందో లేదో చూస్తాం. ఈ పనిని కంప్యూటరు చేత చేయించే పద్ధతిని మోడల్ చెకింగ్ అంటారు. ఇది 1980ల ఆరంభంలో రూపొందింది. దీనికి మూలపురుషులైన ఎడ్మండ్ క్లార్క్, అలెన్ ఎమర్సన్, జోసెఫ్ సిఫాకిస్‌లకు 2007 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది. ధర్మం ఎక్కడైనా తప్పితే మోడల్ చెకర్ ‘తప్పు’ అని చెప్పి ఊరుకోదు. ఏ వరుసలో ఏం జరిగితే ధర్మం తప్పుతుందో కూడా చూపుతుంది. దీనినే ప్రతిఉదాహరణ అంటారు.

9.3 ధర్మాలు – రెండు రకాలు

1. భద్రతా ధర్మం : చెడు ఎన్నడూ జరగకూడదు. ఉదా : బ్యాటరీ దారి మధ్యలో అయిపోకూడదు.
2. పురోగతి ధర్మం : మంచి ఎప్పటికైనా జరిగి తీరాలి. ఉదా : మందులు వార్డుకు చేరాలి.

ఈ రెండూ అవసరమే. అసలు కదలని రోబో ఎవరినీ ఢీకొనదు, కానీ దానివల్ల ఉపయోగం లేదు.

9.4 ఉదాహరణ : మందులు చేరవేసే రోబో

ఒక ఆసుపత్రిలో మందుల గది నుంచి లిఫ్టు ద్వారా వార్డుకు మందులు తీసుకువెళ్లే రోబో ఉందనుకుందాం. ఛార్జింగ్ కేంద్రం మందుల గది పక్కనే ఉంది. నిండు బ్యాటరీ 100 యూనిట్లు. బరువుతో వెళ్లడానికి 25 యూనిట్లు, ఖాళీగా తిరిగి రావడానికి 20 యూనిట్లు ఖర్చవుతాయి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ లిఫ్టు కోసం గరిష్ఠంగా 5 నిమిషాల చొప్పున ఆగవలసి రావచ్చు. ఆగిన ప్రతి నిమిషానికి 2 యూనిట్లు ఖర్చు.

రోబోకు ఇచ్చిన నియమం : బ్యాటరీ 50 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే బయలుదేరాలి, లేకపోతే ఛార్జింగుకు వెళ్లాలి.

లిఫ్టు వెంటనే దొరికే రోజున ఖర్చు 25 + 20 = 45. పరీక్షలో రోబో నెగ్గుతుంది. మోడల్ చెకర్ మాత్రం ఈ ప్రతిఉదాహరణ ఇస్తుంది : 50తో బయలుదేరింది. లిఫ్టు కోసం 5 నిమిషాలు ఆగింది. వార్డు చేరేసరికి 35 ఖర్చయి 15 మిగిలాయి. తిరిగి రావడానికి 20 కావాలి. రోబో దారిలోనే ఆగిపోతుంది. ఆసుపత్రి నడవాలో ఆగిన రోబో స్ట్రెచర్‌కు అడ్డు.

అన్ని సందర్భాలకూ సరిపడే మట్టం : 25 + 10 + 20 + 10 = 65. నియమంలో 50కి బదులు 65 అని రాస్తే భద్రతా ధర్మం నిలుస్తుంది. పొరపాటున 101 అని రాసినా భద్రతా ధర్మం నిలుస్తుంది! కానీ రోబో ఎన్నడూ బయలుదేరదు. దానిని పట్టుకునేది పురోగతి ధర్మమే.

9.5 పొదుపు, భద్రత – పరస్పర ప్రభావం

ఇప్పుడు విద్యుత్తు ఆదా కోసం ఒక మార్పు చేద్దాం. లిఫ్టు కోసం ఆగినప్పుడు రోబో తన సెన్సర్లను నిద్రావస్థలో ఉంచుతుంది. అప్పుడు నిమిషానికి 1 యూనిట్ చాలు. మేల్కొన్న ప్రతిసారీ అదనంగా 1 యూనిట్ ఖర్చవుతుంది. కొత్త మట్టం : 25 + 5 + 1 + 20 + 5 + 1 = 57. ఎనిమిది యూనిట్ల ఆదా.

అయితే సెన్సర్లు మేల్కొనడానికి 2 సెకన్లు పడుతుందనీ, లిఫ్టు తలుపు తెరుచుకున్న 1 సెకనుకే రోబో కదులుతుందనీ అనుకుందాం. ఒక సెకనుపాటు రోబో ఎదుట ఎవరున్నారో చూడకుండానే ముందుకు వెళుతుంది. విద్యుత్తు లెక్క సరిపోయింది గాని భద్రత తప్పింది. ‘సెన్సర్ సిద్ధం’ అనే సంకేతం వచ్చేవరకు చక్రాలు తిరగకూడదని మరో నియమం చేర్చాలి. తలుపు 2 సెకన్లలోపే మూసుకుంటే రోబో లిఫ్టు ఎక్కలేదు. గరిష్ఠంగా 5 నిమిషాలే ఆగుతుందన్న మన ఊహ కూడా అప్పుడు నిలవదు. అందుచేత తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుందో కూడా నమూనాలో చేర్చాలి. ఒక అంశాన్ని మార్చినప్పుడల్లా అన్ని ధర్మాలనూ మళ్లీ నిర్ధారించవలసిందే.

కాలంతో ముడిపడిన ఇలాంటి నమూనాలకు ఉప్పాల్ అనే సాధనాన్ని, సంభావ్యతతో కూడిన వాటికి ప్రిజమ్ అనే సాధనాన్ని ఉపయోగిస్తారు.

9.6 పరిమితులు

(అ) స్థితుల విస్ఫోటనం : ఒక్కో రోబోకు 100 స్థితులు ఉంటే పది రోబోలకు కలిపి 1 పక్కన 20 సున్నాలు పెట్టినంత సంఖ్యలో స్థితులు ఏర్పడతాయి. అవసరం లేని వివరాలను వదిలి నమూనాను కుదించడం దీనికి ఒక మార్గం.

(ఆ) నమూనా వేరు, వాస్తవం వేరు : బ్యాటరీ పాతబడితే 100 యూనిట్లు నిలవవు. చక్రాలు అరిగితే 25 యూనిట్లు చాలవు. నిర్ధారణ ఫలితం మనం తీసుకున్న ఊహలు నిజమైనంతవరకే చెల్లుతుంది. అందువల్ల అసలు యంత్రంపై ఖర్చును కొలవాలి. పని జరుగుతున్నప్పుడు కూడా బ్యాటరీని గమనిస్తూ ఉండాలి.

9.7 సారాంశం

పరీక్ష కొన్ని సందర్భాలను చూస్తుంది. నిర్ధారణ నమూనాలోని అన్ని సందర్భాలనూ చూస్తుంది. భద్రత, పురోగతి, విద్యుత్తు ఖర్చు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి కాబట్టి వాటిని విడివిడిగా కాక కలిపి నిర్ధారించాలి. నమూనాకు ఆధారమైన ఊహలను కొలతలతో సరిచూసుకోవాలి.

9.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై రోబో లిఫ్టు కోసం ప్రతిసారీ గరిష్ఠంగా 3 నిమిషాలే ఆగితే, నిద్రావస్థ లేకుండా ఎంత మట్టం అవసరం? నిద్రావస్థతో ఎంత?
2. ప్రతిఉదాహరణ అంటే ఏమిటి? దాని ఉపయోగం తెలపండి.
3. పురోగతి ధర్మం లేకుండా భద్రతా ధర్మం ఒక్కటే ఎందుకు చాలదు?

మొదటి ప్రశ్నకు జవాబు : నిద్రావస్థ లేకుండా 57, నిద్రావస్థతో 53 యూనిట్లు.