పట్టా భివండీలో.. నాగలి ఊళ్లో

అంజూర్‌ఫాటా (భివండీ): సాంచాల చప్పుడులో పక్కనోడి మాట కూడా వినపడదు. కానీ 'రైతు భరోసా' పడిందని ఒక ఫోనుకు మెసేజి వస్తే చాలు.. కార్ఖానా అంతా ఆ కబురే.

కరీంనగర్, నల్గొండ, వరంగల్, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి బతుకుదెరువుకు వచ్చిన మనవాళ్లలో ఊళ్లో రెండు, మూడెకరాలు ఉన్నవాళ్లూ ఉన్నారు. పద్మానగర్, కామత్‌ఘర్, అంజూర్‌ఫాటా.. ఎక్కడుంటే అక్కడే పాసుపుస్తకం భద్రం. మరి పొలం? కౌలుకు పోయింది. దున్నేది పాలివాళ్లో, పక్కింటాయనో. సర్కారు సొమ్ము మాత్రం పట్టాదారు ఖాతాలోకే.

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రైతుబంధు ప్రారంభించారు. ఎకరానికి సీజనుకు రూ.4 వేలు. 2019లో అది రూ.5 వేలైంది. 2025 జనవరి 26న కాంగ్రెస్ ప్రభుత్వం రైతు భరోసా పేరుతో రూ.6 వేలు చేసింది. కౌలుదారులకూ ఇస్తామని 2023 ఎన్నికల్లో చెప్పారు. అమలుకొచ్చేసరికి లెక్క మళ్లీ పట్టా దగ్గరే ఆగింది.

మూడెకరాలుంటే ఏడాదికి రూ.36 వేలు. పీఎం కిసాన్ కింద కేంద్రం ఇచ్చే రూ.6 వేలు కలిస్తే 42 వేలు. కౌలు అదనం. (మహారాష్ట్ర 2023లో తెచ్చిన 'నమో షేత్కరీ' మీద మాత్రం ఆశ వద్దు. అది ఇక్కడ భూమి ఉన్నవాళ్లకే.)

భివండీవాళ్లను తప్పుపట్టడానికీ లేదు. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి సాంచాలు ఆగిన నెలలో ఆ డబ్బే ఇంటి అద్దె.

బీమా ఎవరికి?

అసలు తేడా రైతుబీమాలో తెలుస్తుంది. 2018 ఆగస్టు 15న మొదలైన ఈ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి రూ.5 లక్షలు. ఎల్‌ఐసీకి ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. భివండీలో సాంచా నడిపే పట్టాదారుకు ఆ ధీమా ఉంది. ఆయన పొలంలో రాత్రిపూట మోటారు పెట్టబోయి షాకు తగిలినా, పాము కరిచినా.. సొంత గుంట లేని కౌలుదారు ఇంటికి ఈ పథకం కింద పైసా రాదు.

అమెరికాలో గోధుమ రైతులకిచ్చే సాయం లెక్క వేరు. రొక్కం కౌలైతే సొమ్ము సాగుదారుకే. పంటలో వాటా కౌలైతే ఇద్దరూ పంచుకోవాలి. అక్కడా యజమానులు కౌలు పెంచి కొంత లాగేస్తారనుకోండి!

మనకూ చట్టం లేకపోలేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన సాగుదారుల చట్టం ప్రకారం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలి. కార్డు ఉన్నంత మాత్రాన భూమిపై హక్కు రాదని చట్టమే చెబుతోంది. అయినా 'కాగితం పుట్టిందంటే భూమి పోయినట్టే' అన్న భయం. దూరాన ఉన్నోళ్లకు ఇంకా ఎక్కువ. 2017లో రికార్డుల ప్రక్షాళన, 2020లో ధరణి, 2025లో భూభారతి.. మార్పు వచ్చినప్పుడల్లా పేరు సరిచూసుకోవడానికి ఊరికి పరుగెత్తిన వాళ్లకు ఆ భయం ఉత్తిగా పట్టుకోలేదు.

కార్డు సంగతి అటుంచితే, ఎకరం కౌలులో ఆ సాయం మేరకు కొంత తగ్గించుకోవడానికి ఏ జీవో అక్కర్లేదు. పిల్లల సెలవులకు ఊరెళ్లేది ఎండాకాలంలోనే. వానాకాలం కౌలు మాట్లాడుకునేదీ అప్పుడే.