బండి కొట్టములోని కారు – దాని పుట్టుపూర్వోత్తరములు

బాన్సువాడ నుండి ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసినారు. తాతగారి నాటి కారొకటి వారి బండి కొట్టములో ఇంకను నిలిచి ఉన్నదట. రిక్షా టాపు వలె వెనుకకు మడిచే టాపు దానికి ఒకప్పుడు ఉండెడిది. ఇప్పుడు గుడ్డ చివికిపోయి కమానులు మాత్రము మిగిలినవి. ముందు దీపములు లేవు, ముందు సీటు లేదు, కాగితము ఒక్కటియు లేదు. దానిని బాగుచేయించవలెనని వారి కోరిక. ఈలోగా పాత సామానుల వ్యాపారి ఒకడు వచ్చి, “సార్, ఇది నిజాం సర్కార్ బండి. ఇత్తడి దీపాలు నేను తెస్త, పసుపు రంగు ఎయ్యిండ్రి, ధర పదింతలైతది” అని చెప్పిపోయినాడట. ఇందులో నిజమెంత, మొదట చేయవలసినదేమి అని వారి ప్రశ్న.

నిజాం కారు అనగానే వ్యాపారికి పసుపు రంగు ఎందుకు తోచినదో ఊహించుట కష్టము కాదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసుకు వెళ్ళినవారు అక్కడి పసుపు పచ్చని రోల్స్ రాయిస్ కారును చూచియే ఉందురు. అది 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దానికై ఆర్డరు పంపి, అది చేరక మునుపే 1911లో మరణించినారు. కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ దానిని దర్బారు వేడుకలకు మాత్రమే వాడెడివారు. 1947 నాటికి అది తిరిగినది 356 మైళ్ళేనని చెప్పుదురు. ఆ రోజులలో రోల్స్ రాయిస్ కంపెనీ చట్రమును, ఇంజనును మాత్రమే తయారుచేసెడిది. పై పెట్టెను వేరొకరు కట్టవలెను. దీనికి కట్టినవారు లండనులోని బార్కర్ కంపెనీ. ఆ కంపెనీ చట్రములకు నంబరు నంబరునకు వ్రాసిన లెక్కలు నేటికిని ఇంగ్లండులో ఆ కార్ల అభిమానుల క్లబ్బు వద్ద భద్రముగా ఉన్నవి. కావున ఒక కారు రాజుగారిదని చెప్పుటకు నంబరు కావలెను, మాట చాలదు. చెత్త ఎత్తుటకు రోల్స్ రాయిస్ కార్లను వాడిన మహారాజు కథ మీరు వినియే ఉందురు. ఆ కథనే ఆళ్వారునకు, పాటియాలాకు, హైదరాబాదుకు కూడ చెప్పుదురు. ఒకే కథకు ఇందరు నాయకులున్నచో దానిని ఎంతవరకు నమ్మవచ్చునో పాఠకులే యోచింతురు గాక.

ఇక శ్రోత పంపిన ఫొటోల సంగతి. వానిని చూడగానే మాకు కలిగినది నిరాశ కాదు, ఉత్సాహము. ఆ కారు ఫోర్డు మోడల్ టి. 1908 నుండి 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైన కారది. ఆ కారులో ఏటేట కొన్ని మార్పులు జరిగినవి. ఆ మార్పులే మనకు పంచాంగము. రేడియేటరు ఇత్తడిది అయినచో 1916కు తరువాతిది కాదు. ఈ ఫొటోలోని రేడియేటరుకు నల్లని రేకు తొడుగున్నది, కనుక 1917 మొదలు వచ్చినదే. ముందు అద్దము నిటారుగా గాక కొంచెము వెనుకకు వాలి ఉన్నది. ఆ వాలుటద్దము 1923 మోడలుతో వచ్చినది. అంతకుముందు టాపు ఎత్తుటకు ఇద్దరు మనుష్యులు కావలసియుండగా, ఒక్కడే ఎత్తగల టాపు కూడ ఆ మోడలుతోనే వచ్చినది.

ఇక ఇత్తడి దీపములు! కార్బైడు గ్యాసుతో వెలిగే ఇత్తడి దీపములకు బదులు 1915 నుండియే ఈ కార్లకు విద్యుద్దీపములు వచ్చినవి. 1914 నుండి 1925 వరకు ఫోర్డు కారుకు నలుపు తప్ప వేరు రంగు లేదు. అందుచే వ్యాపారి మాట విన్నచో దీపము ఒక కాలముది, రేడియేటరు మరొక కాలముది, రంగు రాజుగారిది అగును.

ఇంజను ఎడమ ప్రక్క, నీరు లోపలికి పోయే గొట్టమునకు పైన, ఒక నంబరు అచ్చుకొట్టి ఉండును. ముందు సి అను అక్షరమున్నచో కెనడాలో తయారైనది. మన దేశమునకు ఫోర్డు కార్లు ఎక్కువగా అక్కడినుండియే వచ్చెడివి. ఆ నంబరును బట్టి ఇంజను తయారైన కాలము తెలియును. అయితే ఇంజన్లు మార్చుట ఆనాడు సామాన్యము కనుక, ఇంజను వయస్సే కారు వయస్సని నిశ్చయించరాదు.

ఇది బాన్సువాడకు ఎట్లు చేరినది? మంజీరపై నిజాంసాగర్ నిర్మాణము 1923లో మొదలై 1931లో ముగిసినది. ఇంజనీర్లు, కంట్రాక్టర్లు ఆ త్రోవలలో తిరిగిన కాలమది. వారిలో ఎవరిదో అయి ఉండవచ్చును. ఇది మా ఊహ మాత్రమే. దీనికి సాక్ష్యము శ్రోతగారి ఇంటనే వెదకవలెను. ఆ రోజులలో పెట్రోలు డబ్బాలలో వచ్చెడిది. తాతగారి ఖాతా పుస్తకములో పెట్రోలు డబ్బాల ఖర్చు మొదట పడిన తేదీ ఏదో చూడవలెను. పెండ్లి ఫొటోలలో వెనుక కారు కనబడునేమో కూడ చూడవలెను.

పోయిన భాగముల విషయములో వారు అదృష్టవంతులు. రాజుల కారైనచో ఒక్కొక్క మరను ప్రత్యేకముగా చేయించవలసి వచ్చెడిది. మోడల్ టి భాగములు విదేశములలో నేటికిని క్రొత్తగా తయారగుచున్నవి. కాని టాపు సంగతి వేరు. కమానుల కర్ర పుచ్చిపోయినను పారవేయరాదు. గుడ్డను బిగించిన చిన్న మేకుల రంధ్రములు దాని అంచు ఎక్కడ ముగిసినదో చూపును. ఒక మేకు క్రింద నూలు పోగు చిక్కి ఉన్నచో ఆ గుడ్డ ఏదియో తెలియును. రంగును ఒక మూల ఉల్లిపొరల వలె గీచి చూచినచో అడుగు రంగు బయటపడును. మేము ఒకసారి ఇంటిలోని పాత వాల్వు రేడియోకు పాలిషు పెట్టించితిమి. వడ్రంగి ముచ్చటగా తోమి, స్టేషన్ల పేర్లున్న గాజు పలకను చెత్తలో పారవేసినాడు. పెట్టె మెరయుచున్నది గాని ముల్లు ఏ ఊరిని చూపునో నేటికిని తెలియదు.

ఇంకొక్క మాట. 2021లో కేంద్ర ప్రభుత్వము తెచ్చిన నిబంధనల ప్రకారము, ఏబది సంవత్సరములు దాటి, అసలు రూపము చెడకుండ ఉన్న కారును వింటేజి వాహనముగా రిజిస్టరు చేయవచ్చును. రుసుము 20,000 రూపాయలు. నంబరులో రాష్ట్రపు అక్షరముల తరువాత వి.ఎ. అను గుర్తు ఉండును. ప్రదర్శనల వంటి వానికే గాని రోజువారీ తిరుగుటకు అనుమతి లేదు. అసలు రూపమును మార్చివేసినచో ఈ అవకాశమునకే మోసము వచ్చును.

కావున శ్రోతగారు ముందు కారును కడుగవద్దు. నాలుగు ప్రక్కల ఫొటోలు తీసి, ఇంజను నంబరును సుద్దతో రుద్ది చదివి మాకు వ్రాయవలెను. సీటు క్రింద ఎలుకలు పెట్టిన గూటిని, కొట్టపు నేలలోని మట్టిని జల్లెడ పట్టించవలెను. టాపు బందులు, తలుపు గడియలు, చిన్న మరలు తరచు అందులోనే దొరకును.