సీసా మీది చిన్న చదరం

పోలియో చుక్కల మందుకు వేడి పడదు. అందులో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్. 37 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచితే చాలు, ఆ మందును ఇక నమ్మలేం. మన ఊళ్లలో మే నెల మధ్యాహ్నం ఎండ అంతకు మించే ఉంటుంది. అసలు చిక్కేమిటంటే, శక్తి పోయిన మందును చూసి పట్టుకోలేం. వాసన రాదు, విరిగిపోదు. బిడ్డ నోట్లో రెండు చుక్కలూ పడతాయి, వేలికి గుర్తూ పెడతారు, తల్లి నిశ్చింతగా ఇంటికి వెళుతుంది. బిడ్డకు రక్షణ మాత్రం అందకపోవచ్చు.

టీకా ఫ్యాక్టరీ నుంచి బయల్దేరి జిల్లా స్టోరు, పీహెచ్‌సీ దాటి ఊరు చేరేదాకా చల్లగానే ఉండాలి. దీన్నే కోల్డ్ చైన్ అంటారు. ఫ్రిజ్‌లో థర్మామీటరు ఉంటుంది కానీ, అది ఫ్రిజ్ సంగతి చెబుతుందే తప్ప సీసా చరిత్ర చెప్పదు. నిన్న లారీలో ఎంతసేపు ఎండకు ఉందో, మొన్న కరెంటు పోయినప్పుడు ఏమైందో దానికి తెలియదు. అనుమానం వస్తే మందంతా పారేయాలి, అనుమానం రాకపోతే చెడిన మందే వేసేయాలి. రెండూ నష్టమే.

1979లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సమస్యను అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన పాత్ అనే సంస్థ ముందు పెట్టింది. వేడి లెక్కను సీసాయే స్వయంగా గుర్తుపెట్టుకోవాలి. బ్యాటరీ ఉండకూడదు. ధర పైసల్లో తేలాలి. ఏ దేశపు ఆరోగ్య కార్యకర్త చూసినా అర్థం కావాలి.

దారి చూపిన రసాయన శాస్త్రం అప్పటికే సిద్ధంగా ఉంది. డయాసిటిలీన్లు అనే పదార్థాల స్ఫటికాల్లో అణువులు బారులు తీరి ఉంటాయి. వేడి తగిలితే పక్కపక్క అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి గొలుసులవుతాయి. విడిగా ఉన్నప్పుడు వాటికి రంగు ఉండదు. గొలుసు కట్టాక కాంతిని పీల్చుకుని ముదురు రంగుకు తిరుగుతాయి. జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ వేగ్నర్ 1969లో ఈ చర్యను వివరించారు. వేడి పెరిగే కొద్దీ చర్య వేగం పెరుగుతుంది, చలిలో దాదాపు ఆగిపోతుంది. టీకా శక్తి తగ్గే తీరూ ఇంచుమించు ఇదే. పైగా ఒకసారి కట్టిన గొలుసు విడిపోదు. ఎండలో మాడిన సీసాను మళ్లీ ఐస్‌లో పెట్టినా రంగు వెనక్కి రాదు. ఈ గుర్తును నమ్మగలగడానికి ఇదే మూలం.

మొదట తట్టు టీకాతో ప్రయత్నించారు. తర్వాత దృష్టి పోలియో వైపు మళ్లింది, అప్పటి టీకాలన్నిటిలో వేడికి త్వరగా లొంగేది అదే కనుక. న్యూజెర్సీలోని లైఫ్‌లైన్స్ అనే కంపెనీ అప్పటికే ఆహార పదార్థాల ప్యాకెట్ల మీద తాజాదనం తెలిపే లేబుళ్లు తయారుచేస్తోంది. మధ్యలో రంగు మారే చోటు, చుట్టూ రంగు మారని వలయం, ఈ రెంటినీ పోల్చి చూసుకోవడం ఆ లేబుళ్ల పద్ధతి. అదే పద్ధతి టీకా సీసా మీదికి వచ్చింది. 1996లో యూనిసెఫ్‌కు వెళ్లే పోలియో మందు మీద మొదటి వీవీఎం, అంటే వ్యాక్సిన్ వయల్ మానిటర్, కనిపించింది. అడిగిన నాటి నుంచి అందిన నాటికి 17 ఏళ్లు.

ఇక ఆ బొమ్మను దగ్గరగా చూద్దాం. చిటికెన వేలి గోరు కన్నా చిన్నగా, ఊదా రంగులో ఒక గుండ్రం. దాని మధ్యలో లేత రంగు చదరం. చదరం గుండ్రం కన్నా లేతగా ఉంటే మందు వాడొచ్చు. రెండూ ఒకే రంగులోకి వచ్చినా, చదరం ఇంకా ముదిరినా పక్కన పెట్టేయాలి. చెప్పేది ఇంతే. చదరం కొత్తలో కూడా తెల్లగా ఉండదు, కాస్త ఊదా ఛాయ ఉంటుంది. ఈ సంగతి శిక్షణలో చెప్పకపోతే మంచి మందును అనవసరంగా పారేసే ప్రమాదం ఉంది.

మాటల్లేని బొమ్మలతో ఆరోగ్య విషయాలు చెప్పాలని చాలామంది ప్రయత్నించారు. ఆ బొమ్మల్లో చాలావాటికి కనిపించని చదువు ఒకటి అవసరం. పక్కపక్కనే రెండు బొమ్మలు వేసి ముందు ఇది, తర్వాత అది అని చెప్పాలంటే ఏ దిక్కు నుంచి చూడాలో తెలియాలి. తెలుగు చదివేవారు ఎడమ నుంచి మొదలుపెడితే, హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ చదివేవారు కుడి నుంచి మొదలుపెట్టొచ్చు. అప్పుడు మందు వేసుకుని ఆరోగ్యవంతుడైనవాడు మందు వేసుకుని జబ్బు పడినట్టు కనిపిస్తాడు. వీవీఎంలో ఆ ఇబ్బంది రాదు. ముందూ వెనకా లేదు, మనిషి బొమ్మ లేదు, అంకె లేదు. రంగు పేరు కూడా తెలియక్కర్లేదు, లేత ముదురు తేడా పట్టుకుంటే చాలు. నా దృష్టిలో దీని గొప్పతనం అది వేసే ప్రశ్న ఒక్కటే కావడంలో ఉంది. వైరస్ గురించి గానీ రసాయన చర్య గురించి గానీ అది వివరించబోదు.

అయినా బొమ్మ తనంతట తాను ఏదీ నేర్పదు. టీకా రోజున ఏఎన్‌ఎం వ్యాక్సిన్ క్యారియర్ మూత తీసి, సీసాను వెలుతురుకు పెట్టి చదరం చూసుకోవడం వెనక శిక్షణ ఉంది. గోడ మీద నాలుగు దశల చార్టు ఉంది. మొదటి రెండూ వాడదగినవి, చివరి రెండూ పనికిరానివి. ఇంకో నియమమూ ఉంది. ఒక సీసా చదరం కాస్త ముదిరితే, దాని గడువు తేదీ దూరంగా ఉన్నా సరే, ముందు దాన్నే వాడేయాలి.

గుర్తు ఎక్కడ అతికించారన్నది కూడా ఒక సమాచారమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ విధానం ప్రకారం, గుర్తు లేబుల్ మీద ఉంటే, మిగతా షరతులు కూడా సరిపోయినప్పుడు, తెరిచిన సీసాను 28 రోజుల దాకా దాచి మళ్లీ వాడొచ్చు. మూత మీదో మెడ మీదో ఉంటే తెరిచిన ఆరు గంటల్లో, లేదా ఆ పూట పని ముగిసేసరికి, ఏది ముందైతే అప్పుడు పారేయాలి. మూత తీస్తే గుర్తూ పోతుంది. పొడి రూపంలో వచ్చి, నీళ్లు కలిపి వాడే తట్టు టీకా లాంటివి ఈ రెండో రకం.

టీకాను బట్టి గుర్తు వేగం మారుతుంది. పోలియో చుక్కలకు వాడేది 37 డిగ్రీల దగ్గర 2 రోజుల్లో ముదిరే రకం. 30 రోజులు పట్టే రకమూ ఉంది. యూనిసెఫ్ ద్వారా దేశదేశాలకు వెళ్లే హైదరాబాద్ భారత్ బయోటెక్ టైఫాయిడ్, రోటావైరస్ టీకాల మీదా ఈ చదరం ఉంటుంది. 2012లో బెనిన్ దేశంలో మెనింజైటిస్ టీకాను ఐస్ లేకుండా, 40 డిగ్రీలు దాటకుండా, నాలుగు రోజుల దాకా ఊళ్లకు మోసుకెళ్లగలిగారు. టీకా తట్టుకునే రకం కావడం ఒక కారణమైతే, సీసా మీద గుర్తు ఉందన్న ధైర్యం ఇంకొకటి.

వీవీఎం చెప్పలేనిదీ ఒకటుంది. హెపటైటిస్ బి, డీపీటీ లాంటి టీకాలు గడ్డకడితే పాడవుతాయి. ఐస్ ప్యాక్‌కు ఆనుకుని గడ్డకట్టిన సీసా మీద కూడా చదరం లేతగానే ఉంటుంది. అనుమానం వస్తే ఇప్పటికీ షేక్ టెస్టే చేస్తారు. అదే బ్యాచ్‌లోని ఇంకో సీసాను కావాలని గడ్డకట్టించి, కరిగాక రెండు సీసాలనూ కలిపి ఊపి, పక్కపక్కన నిలబెట్టి, మడ్డి ఎంత వేగంగా అడుగుకు దిగుతుందో చూస్తారు. దీనికి సమయం పడుతుంది, ఓపిక కావాలి. చలికి కూడా సీసా మీదే ఒక గుర్తు కావాలి. అయితే గడ్డకట్టడం మెల్లగా పోగయ్యేది కాదు, ఒక్కసారిగా జరిగిపోయేది. కాబట్టి రసాయనం వేరుగా ఉండాలి. బొమ్మా వేరుగానే ఉండాలి. అంత చిన్న లేబుల్ మీద రెండో ప్రశ్న వేస్తూ, మొదటి గుర్తుతో తికమక పెట్టని ఆకారం కావాలి. రెంటిలోనూ ముదురు రంగుకు ఒకే అర్థం ఉండాలి.